పరీక్ష యంత్రం అంకెలు కంప్యూటరుకు చేరకపోతే ఏం చేయాలి?

సంఘ కార్యదర్శులకు, పరీక్షకులకు పాఠం

పాలు దించుకునే వేళ పరీక్ష యంత్రం చక్కగా పనిచేస్తూనే ఉంటుంది. దాని అద్దం మీద వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్. కనిపిస్తూనే ఉంటాయి. ఎలక్ట్రానిక్ కాటా కూడా బరువు చూపుతూనే ఉంటుంది. కాని కంప్యూటరు తెర మీద ఆ గడులు మాత్రం ఖాళీగా ఉండిపోతాయి. పాలు పోసేవారు వరుసలో నిలబడి ఉంటారు. పాల బండి వచ్చే వేళ అవుతూ ఉంటుంది. అప్పుడు పరీక్షకుడు చేసే పని ఒక్కటే: అద్దం మీది అంకె చూసి చేత్తో కొట్టడం. ఆ పూటకు పని గడుస్తుంది. మర్నాడూ అలాగే గడుస్తుంది. వారం తిరిగేసరికి అదే అలవాటవుతుంది.

ఈ అలవాటు ఎంత ఖరీదైనదో ఒక చిన్న లెక్క చూద్దాం. ఒక సభ్యురాలు 8 కిలోల గేదె పాలు పోసిందనుకుందాం. యంత్రం 6.4 శాతం వెన్న చూపింది. తొందరలో అంకెలు తారుమారై 4.6 అని పడింది. లెక్క తేలికగా ఉండడానికి కిలో వెన్నకు 800 రూపాయల ధర అనుకుందాం. 6.4 శాతానికి వెన్న 512 గ్రాములు, రావలసినది 409 రూపాయల 60 పైసలు. 4.6 శాతానికి వెన్న 368 గ్రాములు, వచ్చేది 294 రూపాయల 40 పైసలు. ఒక్క పూటలో ఒక్క సభ్యురాలికి పోయినది 115 రూపాయల 20 పైసలు. పొరపాటు ఇటు కాక అటు జరిగితే నష్టం సంఘానిది. అంతకన్నా పెద్ద నష్టం మరొకటి ఉంది. అంకె మనిషి చేతి మీదుగా వెళ్లిందని తెలిసిన తరువాత, సరిగా వచ్చిన స్లిప్పును కూడా సభ్యులు అనుమానంగానే చూస్తారు.

కనుక ఒక మాట గట్టిగా పట్టుకోవాలి. యంత్రం ఎంత ముఖ్యమో, దాని నుంచి కంప్యూటరుకు వెళ్లే కేబులు కూడా అంతే ముఖ్యం. అదీ కొలతలో భాగమే. దాని లోపాన్ని కనిపెట్టడానికి ఇంజనీరే రానక్కరలేదు. వరుస తప్పకుండా చూసుకుంటూ పోతే చాలా లోపాలు మనకే దొరుకుతాయి. ఆ వరుస ఏమిటో ఈ పాఠంలో తెలుసుకుందాం.

కేబులులో జరిగేది ఏమిటి?

చాలా పరీక్ష యంత్రాలు, కాటాలు అంకెలను సీరియల్ పద్ధతిలో పంపుతాయి. సీరియల్ అంటే ఒకదాని వెంట ఒకటి నడవడం, చీమల బారు లాగా. దీని ప్రమాణానికి ఆర్.ఎస్.232 అని పేరు. అమెరికాలోని ఎలక్ట్రానిక్ పరిశ్రమల సంఘం దీన్ని 1960లో మొదట వెలువరించింది. ఎక్కువగా వాడుకలోకి వచ్చిన ‘సి’ కూర్పు 1969లో వచ్చింది. ఇంత పాతదైనా, సులువైనది, మొండిది కావడం వల్ల ఇప్పటికీ కొలత యంత్రాలలో నిలిచి ఉంది.

కేబులు చివర 9 పిన్నుల ప్లగ్గు ఉంటుంది. మన పనికి ముఖ్యమైనవి మూడే. కంప్యూటరు వైపు చూస్తే 2వ పిన్ను వినేది, 3వ పిన్ను మాట్లాడేది, 5వ పిన్ను రెండు వైపులకూ కలిసిన గ్రౌండు. అంటే 2 చెవి, 3 నోరు, 5 ఇద్దరూ నిలబడే నేల. ఒకరి నోరు మరొకరి చెవికి కలిస్తేనే మాట వినబడుతుంది. నోటికి నోరు, చెవికి చెవి కలిపితే ఎంతసేపున్నా నిశ్శబ్దమే.

రెండో సంగతి వేగం. పంపేవారూ వినేవారూ ఒకే వేగంలో ఉండాలి. ఎక్కువగా కనిపించే వేగం సెకనుకు 9600 బిట్లు. కొన్ని యంత్రాలలో 2400, 4800 కూడా ఉంటాయి. ఒక అక్షరానికి ముందు గుర్తు, వెనుక గుర్తు కలిపి 10 బిట్లు అవుతాయి. అంటే 9600 వేగంలో సెకనుకు 960 అక్షరాలు. ఒక సభ్యుని వివరాలు 40 అక్షరాలైతే సెకనులో ఇరవయ్యో వంతు కూడా పట్టదు. కాబట్టి అంకెలు ఆలస్యంగా వస్తున్నాయంటే వేగం చాలక కాదు, కారణం వేరే ఉందని అర్థం.

ముందుగా పూట పని చక్కబెట్టుకోవాలి

వరుసలో జనం నిలబడి ఉండగా కేబుళ్లు పీకి చూడడం మంచిది కాదు. ఆ పూటకు చేత్తో కొట్టక తప్పకపోతే నాలుగు నియమాలు పాటించాలి. ఒకటి, యంత్రం అద్దాన్ని సభ్యునివైపు తిప్పి అంకె చూపించాలి. రెండు, ఆ అంకెను పైకి చదివి కంప్యూటరులో కొట్టాలి. మూడు, అదే అంకెను రిజిస్టరులో రాసి సభ్యుని సంతకం గాని వేలిముద్ర గాని తీసుకోవాలి. నాలుగు, ఆ పూట నమోదు చేత్తో జరిగిందని తేదీతో సహా రిజిస్టరులో ఎర్ర సిరాతో రాయాలి. ఎర్ర సిరా గీతలు రెండు పూటలకు మించితే ఆ లోపం చిన్నది కాదని పాలకవర్గానికి తానై తెలుస్తుంది.

పాలబండి వెళ్లిన తరువాత, జనం లేని వేళ, కింది మెట్లు ఒక్కొక్కటిగా ఎక్కాలి. ఒక మెట్టు తేలకుండా మరో మెట్టుకు పోరాదు. రెండు మార్పులు ఒకేసారి చేయరాదు. చేస్తే ఏ మార్పుతో బాగుపడిందో తెలియదు, మళ్లీ చెడినప్పుడు మొదటికి వస్తుంది.

మొదటి మెట్టు: కళ్లతో చూడటం

యంత్రం, కంప్యూటరు ఆపి కేబులు రెండు చివరలూ చూడండి. ప్లగ్గు పక్క మరలు బిగించి ఉన్నాయా? పిన్ను ఏదైనా వంగిందా? పాలు చింది, నేల కడిగిన నీళ్లు తగిలి పిన్నుల మీద పచ్చని చిలుము పట్టిందా? ఎలుక కొరికిందా? కుర్చీ కాలు, క్యాను అడుగు పడి కేబులు నలిగిందా? చిలుము ఉంటే స్పిరిట్ తడిపిన మెత్తని బ్రష్షుతో తుడిచి బాగా ఆరనివ్వాలి. కేబులు నేల మీద కాకుండా గోడ వెంట, మోకాలి ఎత్తున మేకులకు కట్టుకోవాలి. ప్లగ్గు ఊడదీసేటప్పుడు ప్లగ్గునే పట్టుకోవాలి, కేబులును పట్టి లాగరాదు.

రెండో మెట్టు: కంప్యూటరుకు తలుపు కనబడుతోందా?

ఇప్పటి కంప్యూటర్లలో 9 పిన్నుల సాకెట్టు చాలావరకు ఉండదు. యు.ఎస్.బి. సాకెట్టుకు ఒక కన్వర్టరు తగిలించి పని జరుపుతాము. విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిచి ‘పోర్ట్స్’ అన్న వరుస చూడండి. అక్కడ కామ్3, కామ్5 వంటి పేరు కనిపించాలి. కన్వర్టరు ఊడదీస్తే ఆ పేరు పోవాలి, పెడితే మళ్లీ రావాలి. పేరు పక్కన పసుపు రంగు గుర్తు ఉన్నా, పేరే రాకపోయినా డ్రైవరు సరిగా లేదన్నమాట. కన్వర్టరులోని చిప్పుకు తగిన డ్రైవరు వేయించాలి.

ఇక్కడే తరచు జరిగే చిక్కు ఒకటుంది. కన్వర్టరును ఒక యు.ఎస్.బి. సాకెట్టు నుంచి పక్క సాకెట్టుకు మారిస్తే కామ్3 కాస్తా కామ్4 కావచ్చు. పాల సేకరణ సాఫ్ట్‌వేరు మాత్రం కామ్3 దగ్గరే ఎదురుచూస్తూ ఉంటుంది. ఊడ్చేటప్పుడు ఎవరో తీసి పెట్టినంత మాత్రాన పని ఆగిపోవడానికి కారణం ఇదే. కన్వర్టరు పెట్టే సాకెట్టు దగ్గర రంగు చుక్క పెట్టండి. కామ్ సంఖ్యను కాగితం మీద రాసి బల్లకు అంటించండి.

మూడో మెట్టు: సాఫ్ట్‌వేరును పక్కన పెట్టి వినడం

ఒక కామ్ తలుపును ఒక సమయంలో ఒక ప్రోగ్రామే వాడగలదు. కాబట్టి పాల సేకరణ సాఫ్ట్‌వేరును పూర్తిగా మూసివేయండి. తరువాత పుట్టీ వంటి ఉచిత టెర్మినల్ ప్రోగ్రాము తెరవండి. పాత కంప్యూటర్లలో ఉండిన హైపర్ టెర్మినల్‌ను విండోస్ విస్టా నుంచి తీసివేశారు. పుట్టీలో ‘సీరియల్’ ఎంచుకుని, కామ్ సంఖ్య, యంత్రం పుస్తకంలో ఉన్న వేగం ఇవ్వండి. 8 డేటా బిట్లు, పారిటీ లేదు, 1 స్టాప్ బిట్ అన్నవి సాధారణంగా సరిపోతాయి. ‘ఫ్లో కంట్రోల్’ అన్న చోట ‘నన్’ పెట్టండి.

ఇప్పుడు యంత్రంలో ఒక నమూనా పాలు పరీక్షించండి. తెర మీద మూడింటిలో ఒకటి జరుగుతుంది.

అంకెలు శుభ్రంగా వస్తే యంత్రం, కేబులు, కన్వర్టరు అన్నీ మంచివే. లోపం సాఫ్ట్‌వేరు అమరికలో ఉంది. అందులోని కామ్ సంఖ్య, వేగం, యంత్రం రకం సరిచూడండి.

పిచ్చి గుర్తులు వస్తే కేబులు బతికే ఉంది, అమరిక తేడాగా ఉంది. ఐదో మెట్టుకు వెళ్లండి.

ఏమీ రాకపోతే నాలుగో మెట్టు.

నాలుగో మెట్టు: ప్రతిధ్వని పరీక్ష

కేబులును యంత్రం దగ్గర ఊడదీయండి, కంప్యూటరు దగ్గర అలాగే ఉంచండి. ఊడదీసిన చివర 2, 3 పిన్నులను ఒక చిన్న రాగి తీగతో కలపండి. పిన్నుల సంఖ్యలు ప్లగ్గు మీదే సన్నని అక్షరాలతో ఉంటాయి. ఇప్పుడు కంప్యూటరు నోటి మాట దాని చెవికే తిరిగి వస్తుంది. పుట్టీలో ఏదైనా అక్షరం కొట్టండి. కొట్టినది తెర మీద కనబడితే కంప్యూటరు, కన్వర్టరు, కేబులులోని ఆ రెండు తీగలు ఒక్క దెబ్బతో మంచివని తేలాయి. కనబడకపోతే కేబులు తీసేసి కన్వర్టరు పిన్నుల దగ్గరే అదే పరీక్ష చేయండి. ఇప్పుడు కనబడితే లోపం కేబులుది. అప్పుడూ కనబడకపోతే లోపం కన్వర్టరుది గాని డ్రైవరుది గాని.

అయితే ఈ పరీక్ష చెప్పనివి మూడున్నాయి. వేగం సరిగా ఉందో లేదో ఇది చెప్పదు, ఎందుకంటే ఏ వేగంలో మాట్లాడితే ఆ వేగంలోనే వింటుంది. 5వ పిన్ను గ్రౌండు తీగ తెగినా ఇది పట్టుకోలేదు. దానిని మల్టీమీటరుతో ఈ చివర నుంచి ఆ చివరకు కలిసి ఉందా లేదా చూడాలి. కేబులు సూటి రకమా, అడ్డ రకమా అన్నది కూడా ఇది చెప్పదు.

సూటి రకంలో 2కు 2, 3కు 3 కలుస్తాయి. అడ్డ రకంలో 2కు 3, 3కు 2 కలుస్తాయి. బయటికి రెండూ ఒకే తీరుగా కనబడతాయి. కొత్త కేబులు కొని తగిలించినా అంకెలు రాకపోవడానికి ఇదే తరచు కారణం. మనకు ఏది కావాలో యంత్రాన్నే అడగవచ్చు. యంత్రం ఆన్‌లో ఉంచి, కేబులు తీసి, మల్టీమీటరును 20 వోల్టుల డి.సి. మీద పెట్టండి. నల్ల మొన యంత్రం సాకెట్టులోని 5వ పిన్నుకు, ఎర్ర మొన ముందు 2కు, తరువాత 3కు ఆనించండి. మాట్లాడే పిన్ను ఊరకున్నప్పుడు మైనస్ వోల్టులు చూపుతుంది, సాధారణంగా మైనస్ 5 నుంచి మైనస్ 12 వరకు. వినే పిన్ను సున్నాకు దగ్గరగా ఉంటుంది. మైనస్ 2వ పిన్నులో ఉంటే సూటి కేబులు కావాలి. 3వ పిన్నులో ఉంటే అడ్డ కేబులు కావాలి. రెండింటిలోనూ మైనస్ లేకపోతే యంత్రం పంపడం లేదు. ముందు దాని అమరికలో సీరియల్ పంపకం ఆపి ఉందేమో చూసి, కాకపోతే సర్వీసు వారికి కబురు చేయాలి.

మైనస్ బదులు నిలకడగా ప్లస్ 3.3 గాని ప్లస్ 5 గాని చూపితే అది వేరే రకం సంకేతం. దానికి తగిన కన్వర్టరు లేకుండా కంప్యూటరుకు కలపరాదు. కలిపితే యంత్రం లోపలి చిప్పు కాలిపోవచ్చు.

ఐదో మెట్టు: పిచ్చి గుర్తులను చదవడం

ప్రతి అక్షరమూ అర్థంలేని గుర్తుగా వస్తే వేగం కలవలేదు. 2400, 4800, 9600, 19200 వరుసగా పెట్టి చూడండి. ఒక్కో వేగానికి ఒక్కో నమూనా.

కొన్ని అంకెలు బాగా వచ్చి, కొన్ని మాత్రం చెడిపోతే అది వేగం తప్పు కాదు. 0, 3, 5, 6, 9 సరిగా కనిపించి 1, 2, 4, 7, 8 స్థానంలో వింత గుర్తులు వస్తున్నాయా? అలాగైతే యంత్రం 7 బిట్లు, ఈవెన్ పారిటీతో పంపుతోంది, కంప్యూటరు 8 బిట్లు, పారిటీ లేకుండా వింటోంది. ఈ తేడా అన్నిటికన్నా మోసకరమైనది. 6.5 అన్న అంకె చక్కగా వస్తుంది, 6.4 రాదు. ‘కొందరి పాలకు పనిచేస్తోంది, కొందరి పాలకు పనిచేయడం లేదు’ అని పరీక్షకుడు అంటే నవ్వి ఊరుకోకూడదు. ఆ మాట నిజమే అయి ఉండవచ్చు. రెండు వైపులా అమరిక ఒకటి చేస్తే పోతుంది.

అంకెలు ఒకసారి సరిగా, ఒకసారి చెడి వస్తుంటే వదులు ప్లగ్గు, తెగీ తెగని గ్రౌండు, మోటారు తీగ పక్కనే పోతున్న కేబులు, మరీ పొడవైన కేబులు – ఈ నాలుగూ అనుమానించాలి. పాత ప్రమాణం చెప్పిన పొడవు సుమారు 15 మీటర్లు. మన బల్లకు 3 మీటర్లు చాలు. ఎర్తింగు లేని కేంద్రాలలో ఈ చిక్కు ఎక్కువ.

కాటా విషయంలో జాగ్రత్తలు

కాటాలు మూడు తీరుల్లో బరువు పంపుతాయి: ఎడతెగకుండా, బటన్ నొక్కినప్పుడు, కంప్యూటరు అడిగినప్పుడు. సాఫ్ట్‌వేరు ఏది ఎదురుచూస్తోందో కాటా అదే తీరులో ఉండాలి. అడిగితే చెప్పే రకంలో కంప్యూటరు నోరు, అంటే 3వ పిన్ను తీగ కూడా మంచిగా ఉండాలి. ఎడతెగకుండా పంపే రకంలో పాలు పోసి కాటా నిలకడకు రాకముందే బరువు తీసుకుంటోందేమో చూడాలి.

ఒకటి మరువరాదు. కాటాకు తూనికల కొలతల శాఖ ముద్ర ఉంటుంది. కేబులు చూడడానికి ముద్ర తెంచి కాటా తెరవరాదు. 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టం కింద సరిచూసి ముద్ర వేసిన కాటానే వాడాలి. ముద్ర తెగితే మళ్లీ తనిఖీ చేయించాలి.

బాగుపడిన తరువాత మూడు పరీక్షలు

అంకెలు రాగానే పని అయిపోయిందనుకోకూడదు. మొదటిది, పది నమూనాలు వరుసగా పరీక్షించి అద్దం మీది అంకె, తెర మీది అంకె, స్లిప్పు మీది అంకె మూడూ ఒకటేనా అని రాసి సరిపోల్చాలి. ఆ పదింటిలో 0 నుంచి 9 దాకా అన్ని అంకెలూ వచ్చేలా చూసుకోవాలి.

రెండోది ముఖ్యమైనది. ఒక సభ్యుని అంకె తెర మీద ఉండగా కేబులు ఊడదీయండి. తరువాతి సభ్యుని నంబరు కొట్టండి. గడి ఖాళీ కావాలి. అలా కాక ముందరి అంకె అలాగే నిలిచి ఉంటే ఒకరి వెన్న మరొకరి ఖాతాలో పడుతుంది. ఖాళీ గడి అందరికీ కనబడుతుంది, పాత అంకె ఎవరికీ కనబడదు. అలా జరిగితే సాఫ్ట్‌వేరు సరిచేసేదాకా దానిని వాడరాదు, ఆ సంగతి సూపర్వైజరుకు రాతమూలకంగా తెలపాలి.

మూడోది, కరెంటు పోయి వచ్చినట్టుగా అన్నీ ఆపి మళ్లీ వేసి చూడాలి. కామ్ సంఖ్య, వేగం నిలిచి ఉన్నాయో లేదో అప్పుడే తేలుతుంది.

శీతలీకరణ కేంద్రంలో స్విచ్చుకు కూడా ఇదే పద్ధతి

పెద్ద శీతలీకరణ కేంద్రాలలో కంప్యూటర్లను కలిపే నెట్‌వర్క్ స్విచ్చు ఉంటుంది. దాని అమరిక చూసుకునే కన్సోలు కూడా చాలా రకాలలో ఇటువంటి సీరియల్ తలుపే. కొన్నింటిలో ఈ సాకెట్టు నెట్‌వర్క్ సాకెట్టు లాగే 8 తీగల ఆకారంలో ఉంటుంది. ఆకారం చూసి మోసపోకుండా ‘కన్సోలు’ అని రాసి ఉన్న దానికే కేబులు పెట్టాలి. సిస్కో స్విచ్చులలో మామూలు అమరిక 9600 వేగం, 8 బిట్లు, పారిటీ లేదు, 1 స్టాప్ బిట్. 115200 వేగం వాడే స్విచ్చులూ ఉన్నాయి గనుక పుస్తకం చూసుకోవాలి. తెర నల్లగా ఉంటే ముందు ఎంటర్ నొక్కాలి, స్విచ్చు తనంతట తాను పలకరించదు. వచ్చే అక్షరాలు కనబడుతూ, మనం కొట్టినది మాత్రం పోకపోతే ఫ్లో కంట్రోల్ ‘నన్’ చేయాలి. అదీ కాకపోతే మన నోటి తీగ తెగిందన్నమాట.

జ్ఞాపకముంచుకోవలసినవి

యంత్రం పేరు, కామ్ సంఖ్య, వేగం, బిట్లు, పారిటీ, కేబులు సూటిదా అడ్డదా – ఈ ఆరింటినీ అట్ట మీద రాసి బల్ల దగ్గర వేలాడదీయండి. పరీక్షించి మంచిదని తేలిన కేబులు ఒకటి, కన్వర్టరు ఒకటి బీరువాలో ఉంచండి. లోపం కనిపెట్టిన ప్రతిసారీ తేదీ, కనిపించిన లక్షణం, దొరికిన కారణం ఒక పుస్తకంలో రాయండి. పరీక్షకుడు మారినా ఆ పుస్తకం సంఘంలోనే ఉంటుంది.

పాల బిల్లు చేతికి వచ్చినప్పుడు సభ్యుడు వేసే ప్రశ్న ఒక్కటే: ‘ఈ అంకె నా పాలదేనా?’ అవునని కార్యదర్శి తడబడకుండా చెప్పగలగాలంటే, యంత్రం అద్దం నుంచి స్లిప్పు దాకా ఆ అంకె నడిచిన దారి ఆయనకు తెలిసి ఉండాలి. వచ్చే పాలకవర్గ సమావేశానికి ముందే ఒక మధ్యాహ్నం పరీక్షకుణ్ణి కూర్చోబెట్టుకుని ఈ మెట్లన్నీ ఒకసారి చేసి చూడవలసిందిగా కార్యదర్శులందరికీ మనవి. కేబులు బాగున్నప్పుడు నేర్చుకున్న పనే అది చెడినప్పుడు అక్కరకు వస్తుంది.